పదిహేడున్నర చుట్లు

చేయించాలి.

టై రాడ్ ఎండు మార్చినా, స్టీరింగ్‌కు సంబంధించి ఇంకేది ఇప్పి కొత్తది బిగించినా, ఆ తర్వాత చక్రాల అలైన్‌మెంట్ చేయించాలి, అంటే అవి సూటిగా ఉన్నాయో లేదో కొలిపించి సరిచేయించాలి. అడిగినదానికి జవాబు అంతే. అది చాలనుకునేవాళ్లు ఇక్కడే ఆపేసి బండి తీసుకుని బయల్దేరొచ్చు. మిగతావాళ్లు కాసేపు కూర్చోండి. శేరిగూడ దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీ బస్సుల షెడ్డులో ఇరవై రెండేళ్లు మేస్త్రీగా పనిచేసి రిటైరయ్యాను. ఇంట్లో కూర్చుంటే కోపం తగ్గుతుందని అందరూ అన్నారు. నాకైతే తగ్గలేదు.

మొన్న ఇబ్రహీంపట్నం బస్టాండు ఎదురుగా చాయ్ తాగుతుంటే, పక్కనే కారు ఆపిన ఒకాయన ఫోన్లో ఎవరికో చెబుతున్నాడు.

"టై రాడ్ ఎండు మార్పిచ్చిన. మెకానిక్ మంచోడు దొరికిండు, చుట్లు లెక్కపెట్టి మరీ బిగించిండు. అలైన్‌మెంట్ గిట్ల ఏమక్కర్లేదన్నడు. స్టీరింగ్ జర వంకరొస్తే గది గూడ సక్కగ జేసిచ్చిండు."

ఆ మెకానిక్ ఎవరో నాకు తెలియదు. కానీ ఆ మాటలు ఒకప్పుడు అచ్చంగా నేను అన్నవే. లేచి ఆ కారాయనతో గొడవ పెట్టుకున్నాను. "నీకెందుకు పెద్దాయనా" అని ఆయన వెళ్లిపోయాడు. అక్కడ చెప్పనివ్వలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ముఖ్యంగా ఇప్పుడిప్పుడే పానా పట్టిన పిల్లల కోసం రాస్తున్నాను.

ముందు చుట్ల సంగతి. బస్సు ముందు చక్రాలు రెండింటినీ అడ్డంగా ఒక పొడవాటి రాడ్డు కలుపుతుంది. దాని రెండు చివర్లా గుండు లాంటి కీలు ఉంటుంది. అదే టై రాడ్ ఎండు. మర తిప్పి రాడ్డులోకి ఎక్కిస్తారు. అది అరిగితే చక్రం ఊగుతుంది, మార్చాలి. పాతది ఇప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగి బయటికొచ్చిందో లెక్కపెట్టి, కొత్తదాన్ని అన్నే చుట్లు తిప్పి బిగిస్తే రాడ్డు పొడవు మారదని, చక్రాలు ఉన్నచోటే ఉంటాయని మా నమ్మకం. నాకు పని నేర్పిన ఉస్తాద్‌కు అదొక పూజలాంటిది. ఆయన చుట్లు లెక్కపెడుతుంటే ఎవరూ పలకరించకూడదు. యజమాని వచ్చినా నిలబడాల్సిందే. లెక్క పూర్తయ్యాక సుద్దముక్కతో గోడ మీద బండి నంబరు రాసి, పక్కన చుట్లు రాసేవాడు. నేనూ అలాగే చేసేవాణ్ని. మా షెడ్డు గోడ నిండా అవే అంకెలు. అరచుట్టు కూడా వదలని మేస్త్రీనని నాకు ఒకింత గర్వం. ఒకింత ఏమిటి, చాలానే ఉండేది.

ఇక మా ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జి. ఆయన మెకానికల్ డిపార్ట్‌మెంట్లో లెక్చరర్. పొద్దున బస్సుల పని చూసి, తర్వాత క్లాసులకు పోయేవాడు. మా షెడ్డు నుంచి మెకానికల్ బ్లాకు రెండు వందల అడుగులు కూడా ఉండదు. అక్కడ కింది అంతస్తు ల్యాబులో, గాజు బీరువాలో, చక్రాల అలైన్‌మెంట్ కొలిచే గేజి ఉండేది. బస్సుకైనా సరిపోయేంత పొడవుది. దాని ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. ఒకసారి ఇమ్మని అడిగాను.

"గది కాలేజీ తనిఖీ కమిటీ వచ్చినప్పుడు చూపియ్యాలె మేస్త్రీ. గ్రీజు చేతులతోని పట్టుకుంటవా దాన్ని?" అన్నాడు.

చూపించడానికి గేజి, తిరగడానికి బస్సులు. రెండింటికీ సంబంధం ఉందని ఆ కాలేజీలో ఎవరికీ తోచలేదు. బస్సులు తిరగకపోతే ఆ గేజి చూడటానికి ఒక్క పిల్లకాయ కూడా రాడని నేను అనాల్సింది. అనలేదు. అప్పుడు నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

మంచాల ఊరి రూటు బస్సు నడిపే డ్రైవర్ నాకంటే ఏడేళ్లు చిన్నవాడు, నన్ను అన్నా అని పిలిచేవాడు. అతనిది ఆ దిక్కు పల్లెనే. బస్సు తన ఇంటి ముందే ఆగుతుంది కాబట్టి పొద్దున్నే కడిగి, అద్దాలు సొంత తువ్వాలతో తుడిచి తెచ్చేవాడు. ఆ రూటులో ఎక్కే పిల్లల తల్లిదండ్రులు సగం మంది అతనికి తెలిసినవాళ్లే. మా డ్రైవర్లందరిలో ఫిర్యాదులు ఎక్కువగా తెచ్చేది కూడా అతనే. బ్రేకు జర మెత్తగుంది, అద్దం ఊగుతోంది, ఏదో ఒకటి. ఇన్‌చార్జికి అతనంటే చిరాకు. నాకు కూడా అప్పుడప్పుడు చిరాకేసేది, అబద్ధమెందుకు.

కొత్త బ్యాచ్ చేరే రోజులు. అన్ని బస్సులూ రోడ్డు మీద ఉండాలని పైనుంచి ఒత్తిడి. మంచాల బస్సు ఎడమ వైపు టై రాడ్ ఎండు ఊగుతుంటే మార్చాను. పాతది ఇప్పుతూ లెక్కపెట్టాను. పదిహేడున్నర చుట్లు. గోడ మీద రాశాను. కొత్తది అన్నే చుట్లు తిప్పి బిగించి, పాతదాన్ని తుక్కు డ్రమ్ములోకి విసిరాను.

కొత్తది వేరే కంపెనీది. పాతదాని పక్కన పెట్టి చూడలేదు. పిల్లలూ, ఈ వాక్యం ఇంకోసారి చదవండి. గేజి లేకపోయినా ఒక దారం, సుద్దముక్క ఉంటే రెండు చక్రాల మధ్య దూరం ముందువైపు ఎంత, వెనకవైపు ఎంత అని కొలిచి చూడొచ్చు. ఇద్దరు మనుషులు, పది నిమిషాల పని. అది కూడా చేయలేదు. చుట్లు లెక్కపెట్టాను కదా, ఇక కొలిచేదేముంది అనుకున్నాను.

మూడో రోజు డ్రైవర్ వచ్చాడు.

"అన్నా, స్టీరింగ్ వంకరుంటున్నది. బండి సక్కగ పోవాల్నంటే నేను గిట్ల కుడికి వంచి పట్టుకోవాల్సొస్తున్నది. జర సూడు."

"చుట్లు లెక్కపెట్టే బిగించిన తమ్మీ. పదిహేడున్నర. గోడ మీద సూడు."

"గోడ మీద సూస్తే ఏమొస్తదన్నా? నువ్వొచ్చి స్టీరింగ్ మీద సూడు."

ఇద్దరం కలిసి ఇన్‌చార్జి దగ్గరికి వెళ్లాం. బొంగులూరు దగ్గర పెద్ద బండ్లకు అలైన్‌మెంట్ చేసే మిషన్ ఉంది, ఒక పూట బస్సు పంపిస్తే చాలు అన్నాను. ఆయన కూర్చున్నచోటు నుంచి లేవలేదు.

"ఒక పూట రూటు ఎవడు నడుపుతడు? రేపు చైర్మన్‌కు ఎవడు చెప్తడు, నువ్వు చెప్తవా? ఇన్నేండ్ల సర్వీసున్నది నీకు, స్టీరింగ్ సక్కగ చేసుడు రాదా?"

వచ్చు. అదే తప్పు. ఆ పని నాకు బాగా వచ్చు.

స్టీరింగ్ చక్రం మధ్యలో హారన్ మూత తీస్తే ఒక పెద్ద నట్టు ఉంటుంది. అది ఇప్పి, చక్రాన్ని లాగి, అది కూర్చునే కడ్డీ మీద ఒకట్రెండు పళ్లు జరిపి మళ్లీ బిగిస్తే స్టీరింగ్ చూడటానికి సూటిగా వస్తుంది. కింద టైర్లు ఏ దిక్కుకు చూస్తున్నాయో దానితో దీనికి సంబంధం లేదు. అవి ఎప్పట్లాగే వంకరగా ఉంటాయి, డ్రైవర్ చేతుల్లో ఉన్నది మాత్రం సూటిగా ఉంటుంది. రోడ్ల మీద వేలమంది ఇదే చేయించుకుని, మెకానిక్‌ను మెచ్చుకుని పోతుంటారు. నేనూ అదే చేశాను. రిజిస్టర్‌లో "స్టీరింగ్ సరిచేయబడింది. సూటిగా ఉంది" అని రాశాను. కింద నేను సంతకం పెట్టాను, డ్రైవర్ పెట్టాడు, ఇన్‌చార్జి పెట్టాడు.

డ్రైవర్ బస్సు ఒక రౌండు తిప్పి తెచ్చాడు. ముఖం వెలిగిపోయింది.

"మస్తున్నదన్నా ఇప్పుడు. మూడు దినాలకు సక్కగైంది. నడువ్, చాయ్ తాగుదాం."

గేటు ముందు చాయ్ తాగించాడు. ఉస్మానియా బిస్కెట్లు కూడా తెప్పించాడు. తిన్నాను. ఏం చేశానో అతనికి చెప్పలేదు.

ఐదారు వారాలు గడిచాయి. రోజూ పొద్దున బస్సుల చుట్టూ తిరిగి టైర్లు చూసేవాణ్ని. నిలబడి బయటినుంచి చూసేవాణ్ని. మంచాల బస్సు ముందు చక్రాల అరుగుదల లోపలి అంచుల్లో ఉంది. పడుకుని చూస్తే తప్ప కనిపించదు.

ఆ రోజు సాయంత్రం నలభై మంది పిల్లలతో మంచాల పోతున్న బస్సు ముందు ఎడమ టైరు పగిలింది. బస్సు రోడ్డు దిగి, కంది చేలో ఇరవై గజాలు పోయి ఆగింది. పక్కనే కరెంటు స్తంభం ఉంది. దానికి తగలకుండా అతను ఎలా తిప్పాడో ఇప్పటికీ నాకు అర్థం కాదు. ఎవరి ప్రాణమూ పోలేదు. మెకానికల్ థర్డ్ ఇయర్ చదివే ఒక అమ్మాయికి ఎడమ చెయ్యి విరిగింది. డ్రైవర్ ఆమెను ఎవరిదో ఆటోలో ఎక్కించి ఇబ్రహీంపట్నం దవాఖానకు తనే తీసుకెళ్లాడు.

కాలేజీ వాళ్లు కేసు కాకుండా సర్దుకున్నారు. సర్దుకోవాలంటే తప్పు ఎవరిదో ఒకరిది కావాలి కదా. ఇన్‌చార్జి ఒక కాగితం టైపు చేయించాడు. "నా అతివేగం, అజాగ్రత్త వల్ల ప్రమాదం జరిగింది" అని. కింద డ్రైవర్ సంతకం పెట్టాలి. పెడితే పోలీసుల దాకా పోదు, ఇంటికి పోవచ్చు. ఈ రోడ్డు మీద ఉన్న కాలేజీల ఇన్‌చార్జిలందరూ ఒకరికొకరు ఫోన్లు చేసుకునేవాళ్లే. ఆ కాగితం మీద సంతకం పడితే అతనికి ఏ బస్సూ దొరకదు. యాభై ఏళ్ల మనిషికి వచ్చిన పని అదొక్కటే.

"అతివేగం ఏంది సార్? స్టీరింగ్ వంకరుందని మీకు నేను ముందే చెప్పిన గద" అన్నాడట డ్రైవర్. ఇన్‌చార్జి రిజిస్టర్ తెరిచి చూపించాడు. సరిచేయబడింది, సూటిగా ఉంది, మూడు సంతకాలు. డ్రైవర్ అబద్ధమాడుతున్నాడని చెప్పడానికి నా చేతిరాతే సాక్ష్యం అయింది.

అయినా అతను సంతకం పెట్టలేదు. ప్రిన్సిపాల్ ముందు విచారణ అని తేలిన రోజు ఇన్‌చార్జి షెడ్డుకు వచ్చాడు.

"నువ్వేం మాట్లాడకు మేస్త్రీ. అడిగితే రిజిస్టర్‌ల ఉన్నది నిజమే అను. ఇంకో ఏడాదిన్నరల రిటైరైతవ్, నీకెందుకు ఫికర్?"

ఆయన పోయాక, క్రేన్‌తో లాగి తెచ్చిన బస్సు కిందికి దూరాను. పగిలిన ఎడమ టైరు ముక్కలైంది, దానితో తెలిసేదేమీ లేదు. కుడి టైరు పగల్లేదు. దాని లోపలి అంచు అరిగి తీగలు బయటపడ్డాయి. అరచెయ్యి పెట్టి లోపలికి తోస్తే రంపం మీద పోయినట్టు గీరుకుంది, బయటికి లాగితే నున్నగా వచ్చింది. చక్రాలు రెండూ ముందువైపు విచ్చుకుని, రోడ్డును గీకుతూ తిరిగాయన్నమాట. చేలో పడ్డ ఇరవై గజాల్లో టైరు అలా అరగదు. దానికి వారాలు పడుతుంది.

గోడ మీద పదిహేడున్నర ఇంకా ఉంది. తుక్కు డ్రమ్ము బోర్లించి పాత ఎండును వెతికి తీశాను. స్టోరులో కొత్తదాని జత ఉంది. రెండింటినీ నేల మీద పక్కపక్కన పెట్టాను. కొత్తదాని మెడ వడ్లగింజ వెడల్పంత పొట్టి. పదిహేడున్నర కాదు, వెయ్యి చుట్లు లెక్కపెట్టినా ఆ గింజంత తేడా పోదు. రాడ్డు దగ్గర గింజంత ఉన్నది టైరు అంచుకు వచ్చేసరికి నాలుగైదింతలవుతుంది. ఇన్‌చార్జి మీద వచ్చినంత కోపం నా మీద కూడా వచ్చింది.

విచారణ రోజు ప్రిన్సిపాల్ గదిలో ప్రిన్సిపాల్, ఇన్‌చార్జి, డ్రైవర్, నేను. బస్సులో ఉన్నవాళ్ల తరఫున చెయ్యి విరిగిన అమ్మాయిని పిలిపించారు. డ్రైవర్ ఎంత స్పీడుగా నడిపాడు, ఫోన్లో మాట్లాడాడా అని అడిగారు. ఫోన్ మాట్లాడలేదంది. స్పీడు రోజూ ఉన్నంతే ఉందంది. ఇన్‌చార్జి ఆ టైపు కాగితం, పెన్ను డ్రైవర్ ముందు పెట్టాడు. డ్రైవర్ ఆ పెన్ను వంక చూస్తూ కూర్చున్నాడు.

నేను లేచి, గుడ్డలో చుట్టి తెచ్చిన రెండు ఎండులను ప్రిన్సిపాల్ టేబుల్ మీద పెట్టాను.

"సార్, స్టీరింగ్ సూటిగున్నది బండి బాగుండి కాదు. నేనే చక్రం ఇప్పి సూటిగ పెట్టిన. కింద వంకర అట్లనే ఉన్నది. అలైన్‌మెంట్ కావాలన్న, పంపియ్యలే. గప్పుడన్న నేను దారంతోని కొలవాలె, కొలవలే. ఈ మనిషి తప్పేం లేదు."

ఇన్‌చార్జి ముఖం ఎర్రబడింది. "గింజంత తేడాకు టైరు పగులుతదా? బ్రేకులు కొట్టి కొట్టి ఈయనే అరగదీసిండు" అన్నాడు.

"బ్రేకులు కొడితే లోపలి అంచే అరుగుతదా సార్? రాండ్రి, చెయ్యి పెట్టి చూడుండ్రి."

అందరూ షెడ్డుకు వచ్చారు. కుడి టైరు ఇప్పి నిలబెట్టి ఉంచాను. చెయ్యి పెట్టండి అంటే ఒక్కరూ కదల్లేదు. ప్రిన్సిపాల్ జేబురుమాలు తీసి పట్టుకున్నారు, అంతకు మించి ముందుకు రాలేదు. ఇన్‌చార్జి ఫోన్ చూసుకుంటున్నాడు. ఇంజినీరింగ్ నేర్పే చోట, ఒక మనిషి బతుకు తేల్చాల్సిన టైరు మీద చెయ్యి పెట్టడానికి అంత మొహమాటం. నాకు అరవాలనిపించింది.

ఆ అమ్మాయి ముందుకొచ్చింది. ఎడమ చెయ్యి కట్టులో ఉంది. కుడి అరచెయ్యి టైరు మీద పెట్టి లోపలికి తోసింది, బయటికి లాగింది. మళ్లీ తోసింది.

"ఫెదరింగ్ సార్ ఇది. చక్రాలు బయటికి విచ్చుకుంటే గిట్లైతది" అంది. తర్వాత ఇన్‌చార్జి వైపు తిరిగింది. "మొన్న మిడ్ పేపర్ల గిదే క్వశ్చన్ వచ్చింది సార్. టై రాడ్ ఎండ్ మార్చినంక అలైన్‌మెంట్ అవసరమా, కారణాలు రాయమని. పేపర్ మీరే ఇచ్చిండ్రు."

"నువ్వేం రాశావమ్మా?" అన్నారు ప్రిన్సిపాల్.

"తప్పకుండ అవసరమని రాసిన సార్. ఐదుకు ఐదు ఏసిండ్రు."

ఆమె ఎగతాళిగా అనలేదు. అడిగినదానికి జవాబు చెప్పింది. ఇన్‌చార్జి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. చివరికి "థియరీ వేరు, ప్రాక్టికల్ వేరు" అని గొణిగాడు. పేపరు మీద ఐదు మార్కుల విలువున్న మాటకు రోడ్డు మీద ఒక పూట విలువ కూడా లేదని, నలభై మంది పిల్లలను ఆ బస్సులోనే పంపాడు ఆ పెద్దమనిషి. ఎందుకో తెలియని నాబోటి వాడు చేస్తే ఒక రకం. తెలిసి, పాఠం చెప్పి, మార్కులు వేసి మరీ చేస్తే దాన్ని ఏమనాలి?

టైపు కాగితం మీద సంతకం పడలేదు. అది న్యాయం అనుకునేరు. చివరికి రాసిన రిపోర్టులో కారణం "టైరు నాణ్యతా లోపం" అని ఉంది. ఆ రిపోర్టు ప్రకారం ఎవరి తప్పూ లేదు. నాకు ఒక మెమో ఇచ్చారు. ఇన్‌చార్జి ఇన్‌చార్జిగానే ఉన్నాడు, తర్వాత డిపార్ట్‌మెంట్ హెడ్ కూడా అయ్యాడు. గేజి కవరు నేను రిటైరయ్యే నాటికి కూడా తీయలేదు. మా షెడ్డుకు మాత్రం కొత్త రిజిస్టర్ వచ్చింది. అందులో కొత్తగా ఒక గడి పెట్టారు. "స్టీరింగ్ సూటిగా ఉందా? అవును, కాదు." ఏది చూసి అందరం మోసపోయామో, దాన్నే రోజూ చూసి సంతకం పెట్టమన్నారు.

పది పదిహేను రోజులకు బస్సు బాగయింది. ముందు రెండు టైర్లూ కొత్తవి. ఈసారి బొంగులూరు పంపడానికి ప్రిన్సిపాలే ఒప్పుకున్నారు. డ్రైవర్‌ను మళ్లీ అదే రూటుకు రమ్మన్నారు. వచ్చాడు. గేటు ముందు ఈసారి నేను చాయ్ చెప్పాను. తాళం చెవి నా దగ్గరే ఉంది. అందరి ముందు నిజం చెప్పాను కదా, ఒక మంచి మాట అంటాడని లోపల ఆశ ఉంది. దాచుకోను.

అతను గ్లాసు ముట్టలేదు.

"అన్నా, స్టీరింగ్ సక్కగ చేసిన దినం నీకు చాయ్ తాగిపిచ్చిన, యాదికున్నదా?"

"ఉన్నది తమ్మీ."

"వంకరున్నన్ని దినాలు నాకు బుగులుండె. నలభై దాటకపోతుంటి. పిల్లలు తిట్టినా మెల్లగనే పోతుంటి. నువ్వు సక్కగ చేసినంకనే అరవై కొట్టిన."

అతను లేచి తాళం చెవి కోసం చెయ్యి చాపాడు. ఇచ్చాను.

"బొంగులూరు నేనే తీస్కపోత. దగ్గర నిలబడి చేపిచ్చుకొస్త. నువ్వు మాత్రం నా బండి స్టీరింగ్ మళ్ల ముట్టకు."

ఆ తర్వాత నన్ను ఎప్పుడూ అన్నా అనలేదు. మిగతా ఏడాదిన్నరా అదే రూటు, అదే బస్సు. ఏ చిన్న ఫిర్యాదైనా ఇంకో మేస్త్రీకే చెప్పేవాడు.